బుధవారం ఏడు గంటల లైను

సారపాక,
గురువారం.

నా ఇంటికి దీపమైన మహిమకు, అడవి అంచు నుంచి నీ భర్త రాసే వందనాలు.

"ఫోన్లో మీరు మాట్లాడరు, వాక్యం చెప్తరు. ఏమన్నా ఉంటే కాయితం మీద రాయండి, నాకు మధ్యలో ఆగే వీలన్నా ఉంటది" అని పోయిన ఆదివారం నువ్వు అన్న మాట నాకు ముల్లులా దిగింది. అయినా రాస్తున్నాను. సంకెళ్లలో ఉన్న అపొస్తలుడు కూడా ఉత్తరాలే రాశాడు. జనం ఇన్ని వందల ఏళ్లుగా వాటిని చదువుతూనే ఉన్నారు, మధ్యలో ఆగలేదు.

నువ్వు ఇంటి నుంచే పని చేసుకోవడానికి మీ కంపెనీ పెట్టిన నిన్నటి పరీక్ష పోయింది. మీ ఆఫీసు నుంచి నీకూ మెయిల్ వచ్చే ఉంటుంది. నీ కోసం వాళ్లు ఇక్కడికి పంపిన ల్యాప్‌టాప్‌ను వైరుకు తగిలించి పెడితే, ఏడు నుంచి ఎనిమిది దాకా మన ఇంటి ఇంటర్నెట్ లైనును అక్కడి నుంచే చూశారట. కిందికి వచ్చే వేగం సరిపోయిందట. మన దగ్గర్నుంచి పైకి పోయే వేగం, అప్‌లోడ్ అంటారే, అది మాత్రం పది నిమిషాలకే పడిపోయి గంటంతా లేవలేదట. మూడు అవకాశాల్లో ఒకటి అయిపోయింది. ఇంకా రెండు బుధవారాలు మిగిలాయి. అవి కూడా పోతే, నువ్వు హైదరాబాదులో ఆఫీసు ఫ్లోరు మీదే ఇంకో రెండేళ్లు చేస్తానని సంతకం పెట్టాలి. పద్నాలుగు నెలలుగా ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో ఒక హాస్టల్ గదిలో ఉంటూ, అమెరికా దవాఖానాల్లో పడుకున్న రోగుల కాగితాలకు నెంబర్లు వేస్తున్నావు. ఇంకో రెండేళ్లంటే నా వల్ల కాదు. నాకు ఒళ్లు మండిపోతోంది మహిమా. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండుతున్నాను.

మొదట నెట్ లైను వేసిన ఆ కేబుల్ అతని మీద. సన్నటి నల్ల తీగను కిటికీలోంచి లోపలికి తోసి, మిగిలిన పదిహేను మీటర్లూ చుట్ట చుట్టి మెట్ల కమ్మీకి వేలాడదీసి, వైఫై డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "వైఫై వస్తుంది గదన్నా, ఇంకేంగావాలె?" అన్నాడు. "వైఫై కాదు తమ్ముడూ, బల్ల దాకా వైరు కావాలి, మా ఆవిడ కంపెనీ వైరే అడిగింది" అన్నాను. "ఈ రోజుల్ల వైరెవరడుగుతరన్నా!" అని నవ్వాడు. పునాది లేకుండా ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి సంగతి అతనికి అరగంట విడమరిచి చెప్పాను. అంతా విని, "చాయ్ ఉందా అన్నా?" అన్నాడు.

తర్వాత మన ఇంటి ఓనరమ్మ పద్మావతమ్మ గారి మీద. "కిరాయి ఇల్లు సంసోనూ, గోడకు మేకు కొడితే ఊరుకోను. మీకంటే ముందున్నవాళ్లు కొట్టిన మేకులు పీకించడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఏడాదికి ఒక్క క్యాలెండర్ చాలదా మనిషికి?" అన్నారు. రిటైరైనా టీచరమ్మ టీచరమ్మే, మనం నోరెత్తితే బెంచీ ఎక్కించేటట్టు చూస్తారు. సరే అనుకున్నాను. పనిముట్ల చప్పుడు లేకుండా కట్టిన ఆలయం ఒకటి ఉంది కదా, అట్లాగే నేనూ ఒక్క మేకు లేకుండా కట్టి చూపిస్తాననుకున్నాను.

కట్టాను మహిమా. నేను పేపరు మిల్లు కర్ర యార్డులో లారీలు దింపించే మనిషినే గానీ, పది రోజులు మిల్లు డ్యూటీ దిగి వచ్చి వీడియోలు చూసి నేర్చుకున్నాను. వైరు కొసన క్లిప్పు బిగించడమంటే లోపలి ఎనిమిది సన్న తీగల రంగులు ఒక్కటీ వరుస తప్పకూడదు. పదిహేడు క్లిప్పులు పాడు చేసి పద్దెనిమిదోది గెలిచాను. డబ్బాను ఫ్రిజ్ మీద నుంచి దించి, హాల్లో నా ప్రసంగ బల్ల పక్కన చెక్క అరలో పెట్టాను. దాని కింద లైనును పంచే ఐదు రంధ్రాల స్విచ్. అందులోంచి రెండు వైర్లు నీ బల్లకు, ఒకటి పనికి, రెండోది మొదటిది చెడితే వాడుకోవడానికి. మూడోది ప్రింటరుకు. అన్నీ తెల్లటి ప్లాస్టిక్ పట్టీల్లో, రెండు వైపులా అంటుకునే టేపుతో, గోడ అంచు వెంట తిన్నగా పోతాయి. ప్రతి కొసకూ చీటీ అంటించాను. కరెంటు పోయినా డబ్బా ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టాను. బయట తీగను కోతులు పీకకుండా పైపులోంచి దించాను. పద్మావతమ్మ గారు వచ్చి గోడలన్నీ తడిమి, మేకు దొరక్క, "బాగానే ఉంది" అని ముఖం ముడుచుకుని వెళ్లారు.

పాస్‌వర్డ్ కూడా తేలిగ్గా పెట్టలేదు. కేబుల్ అతను ఫోన్ నెంబర్ పెట్టుకొమ్మన్నాడు. ఫోన్ నెంబర్ ఏ దొంగకైనా దొరుకుతుంది. నేను వాక్యంలోంచి పెట్టాను. పదకొండేళ్లుగా మన ఇంట్లో ప్రతి ప్రార్థన కూటమూ ఏ కీర్తనతో మొదలుపెడతానో దాని పేరూ నెంబరూ, ఇంగ్లీషు అక్షరాల్లో. దొంగ అనేవాడు వాక్యం చదవడు కదా.

మీ కంపెనీ కాగితంలో మూడో షరతు, తలుపు ఉన్న వేరే గది. దాని గురించి దిగులు పడకు. వెనక గదిలో చాపలూ, ఆంప్లిఫయరూ, డోలకూ ఉన్నాయి, ఊళ్ల నుంచి వచ్చే దైవసేవకులు పడుకునేదీ అక్కడే, దాన్ని కదిలించలేం. హాల్లోనే ఒక మూల నీ బల్ల వేసి, నిలువెత్తు తెర కట్టాను. ప్రత్యక్ష గుడారంలో అతి పరిశుద్ధ స్థలానికే తలుపు లేదు, తెరే ఉంది. దేవునికి సరిపోయింది కంపెనీకి సరిపోదా?

ఇంత చేస్తే పైకి పోయే వేగం లేదట! నా పనిలో తప్పుంటే నా చెయ్యి నరుక్కుంటాను. ఎక్కడో ఎవరో తింటున్నారు. పట్టుకుంటాను.

ప్రభువులో నీ భర్త,
సంసోను


సారపాక,
గురువారం.

ప్రియమైన మహిమకు, దొంగను పట్టుకున్న మనిషి రాసే ఉత్తరం.

రెండో పరీక్ష కూడా నిన్న పోయింది. అదే గంట, అదే రోగం. కానీ ఈసారి నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. సోమవారమే కేబుల్ ఆఫీసు మీద పడి అరిచాను. మనిషి వచ్చి తీగ కొసన మీటరు పెట్టి చూసి, "లైను కంచులెక్క ఉందన్నా. నీ ఇంట్ల వైఫై ఎవరో వాడుకుంటున్నరు, చూస్కో" అన్నాడు.

ఎవరు? మేడ మీద మనం. కింద ముందు వాటాలో పద్మావతమ్మ గారు, ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. కింద వెనక వాటాలో రూప్‌సింగ్. కరెంటు ఆఫీసులో లైన్‌మన్, తీగల గుట్టు తెలిసినవాడు. మన లైను వచ్చిన వారానికే వాళ్ల గోడ మీదకు చాపంత టీవీ వచ్చింది. సాయంత్రం నేను వాక్యం చెబుతుంటే నేల కింద నుంచి పాటలు, డాన్సులు. ఇంకేం రుజువు కావాలి?

నిన్న కూటంలో మైకు పట్టుకుని లేచాను. చెప్పాలనుకున్న ప్రసంగం వేరే, ఆత్మ నన్ను దానివైపు పోనివ్వలేదు. దోచుకున్న సొమ్మును తన డేరా అడుగున పాతిపెట్టి, జనమంతా యుద్ధంలో ఓడిపోవడానికి కారణమైన ఆ ఒక్కడి కథ ఎత్తుకున్నాను. "మన పాళెంలోనే ఉన్నాడు! ఈ గోడల మధ్యే, మన కాళ్ల కిందే ఉన్నాడు! పక్కవాడి ఇంట్లోంచి లాక్కుని పెద్ద పెద్ద పెట్టెల్లో బొమ్మలు చూస్తున్నాడు!" అన్నాను. ఇల్లు దద్దరిల్లేటట్టు ఆమెన్ అన్నారు. షాలేమ్‌రాజు కళ్లు తుడుచుకున్నాడు. ఆరోగ్యమ్మ కుర్చీ మీద నిలబెట్టుకున్న ఫోను సర్దుకుని మరీ రెండుసార్లు ఆమెన్ అంది. పదకొండేళ్లలో అంత బలంగా నేనెప్పుడూ చెప్పలేదు.

కూటం అయ్యాక రూప్‌సింగ్ భార్య సక్రి మెట్ల మీద నిలబడి ఉంది.

"అన్నా, ఎవరినంటున్నవ్?"

"ఎవరికి తగిలితే వాళ్లనే సక్రమ్మా."

"కాళ్ల కింద అన్నవ్. నీ కాళ్ల కింద ఉన్నది మేమే. మా ఇంట్ల టీవీ ఉంటే దొంగలమా? పేరు వెట్టి అను."

"పేరు దేవునికి తెలుసు."

"దేవునికి తెల్సు. నీకు తెల్వదు గద! తెల్వనోనివి మైకుల ఎట్ల అన్నవ్?"

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. పాపానికి నోరెక్కువ. కింద ఆ పెద్ద టీవీ మాత్రం అప్పటి నుంచి మోగలేదు, గమనించు. తప్పు లేనివాడు ఎందుకు ఆపుతాడు?

వచ్చే బుధవారం మూడోది, చివరిది. ఈలోపు పద్మావతమ్మ గారితో చెప్పి వాళ్లను ఖాళీ చేయిస్తాను. నువ్వు ధైర్యంగా ఉండు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

నీ సంసోను


హైదరాబాద్,
ఆదివారం.

ఆయనకు, మహిమ రాసేది.

మీ రెండో ఉత్తరం శనివారం వచ్చింది. అంతకుముందే గురువారం సక్రి ఫోను వచ్చింది. ముందు ఏడ్చింది. తర్వాత ఒకటే అడిగింది. "అక్కా, నీకు జ్వరమొచ్చి లేవలేని నాడు మీ ఇంట్ల గిన్నెలు తోమి పోయిన. ఒక చెంచన్నా పోయిందా అక్కా?" అని. నేను ఏం చెప్పాలి? మీరు చెప్పండి, మీకు మాటలకు తక్కువ లేదు కదా.

రూప్‌సింగన్నను ఖాళీ చేయిస్తారా? మీరు ఆ ఒక్క మాట పద్మావతమ్మ గారితో అంటే నేను పరీక్ష దాకా ఆగను, మర్నాడే ఇక్కడ సంతకం పెడతాను. వాళ్ల టీవీ ఎందుకు ఆగిందో కూడా చెప్తాను. సక్రి పిల్లలకు సిగ్గేసింది. మెట్ల కింద నుంచి పోయేవాళ్లు తమ ఇంట్లోకి తొంగి చూస్తున్నారని వాళ్లే కట్టేశారు.

ఇక నా సంగతి. ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను, కాయితం మీద కాబట్టే రాయగలుగుతున్నాను. పద్నాలుగు నెలల కింద ఉద్యోగం వచ్చిన రోజునే నన్ను అడిగారు, ఇంటి నుంచి చేస్తావా, ఆఫీసుకు వస్తావా అని. ఇంటి నుంచి చేసే వీలు అప్పుడే ఉంది. ఆఫీసుకే వస్తానన్నాను. మీకు మాత్రం కంపెనీ ఒప్పుకోలేదని చెప్పాను. అది అబద్ధం. దానికి మీరు ఏ వాక్యమైనా చదవండి.

ఎందుకన్నానో తెలుసా? మన ఇంట్లో వారానికి నాలుగు కూటాలు. నాలుగు సాయంత్రాలూ ముప్పై మందికి చాయ్. కూటం లేని రోజు వెనక గదిలో ఎవరో ఒక సేవకుడు పడుకుని ఉంటాడు. మెడికల్ కోడింగ్ పరీక్షకు నేను వంటింట్లో గ్యాస్ బండ మీద పుస్తకం పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని చదివాను. మీరు ఇవతల నా పేరు పెట్టి ప్రార్థన చేయిస్తున్నారు, "మా సహోదరికి జ్ఞానం దయచేయి ప్రభువా" అని, మైకులో. నాకు జ్ఞానం వద్దండీ అప్పుడు, నిశ్శబ్దం కావాలి. ఇక్కడ హాస్టల్లో నలుగురం ఉన్నాం. ముగ్గురూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. పద్నాలుగు నెలల నుంచి నేను ఆ గదిలో ఒంటరిగా ఉండగలుగుతున్నాను. మన ఇంట్లో అది కుదరలేదు.

మళ్లీ ఇంటికి మారతానని దరఖాస్తు పెట్టిందీ నేనే. మీ మీద ఆశ చావక. వైర్లు వేస్తున్నానని మీరు ఫోన్లో చెప్పినప్పుడు, ఆ ఇంట్లో నాకంటూ ఒక చోటు తయారవుతోందనుకున్నాను. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. వైరు ఎటు నుంచి ఎటు పోతుందో ఇంచు ఇంచు రాశారు. నేను ఎక్కడ కూర్చుంటానో రెండు ముక్కల్లో తేల్చేశారు. చాపలకు తలుపున్న గది, నాకు తెర! అతి పరిశుద్ధ స్థలానికి తెరే ఉందన్నారు. ఆ తెర వెనకకు ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి పోయేవాడు. నేను రోజూ ఎనిమిది గంటలు కూర్చోవాలి. అదీ కాక, ఆ తెరకు ఇవతల గుడారంలో ఎవరూ మైకు పెట్టలేదు.

నా లైనును ఎవరు తింటున్నారో నాకు తెలియదు. రూప్‌సింగన్న మాత్రం కాదు.

మహిమ


సారపాక,
గురువారం.

మహిమకు, ఏ వందనంతో మొదలుపెట్టాలో తెలియని సంసోను రాసేది.

నీ ఉత్తరం మంగళవారం మధ్యాహ్నం అందింది. దాచను, చదవగానే నాకు కోపమే వచ్చింది. నాతో అబద్ధమాడి పోయిందా అని, నా మైకును వెక్కిరించిందా అని. ఆ కోపంలో ఒకటే నిశ్చయించుకున్నాను. ఆ రూప్‌సింగ్ దొంగతనాన్ని కళ్లతో చూపించి, రుజువుతో నీకు జవాబు రాయాలని. సాయంత్రం ఆరున్నరకు కూటానికి జనం వచ్చి కూర్చున్నారు. నేను కిందికి దిగి వాళ్ల తలుపు కొట్టాను.

రూప్‌సింగ్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. "నా లైనులో ఎవరున్నారో తేల్చే మనిషి కావాలి. నువ్వు తీగల మనిషివి. పైకి వస్తావా?" అన్నాను. వెనక సక్రి, "పోకు, మళ్ల మైకుల వెడ్తడు" అంది. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నడువన్నా, చూద్దాం" అన్నాడు. అంతే.

హాల్లో చాపల మీద జనం, గుమ్మంలో దొంగ. నన్ను చూసి అందరూ గుసగుసలు ఆపారు. రూప్‌సింగ్ అర దగ్గర కూర్చుని, నేను వేసిన పట్టీలన్నీ ఒకసారి వేలితో తడిమి, "పని సాఫ్ చేసినవన్నా" అన్నాడు. నన్ను మైకులో దొంగ అన్నవాడి పనిని నేనైతే మెచ్చుకునేవాణ్ణి కాదు. తర్వాత నీ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, నా పాత కంప్యూటర్లో డబ్బా లోపలి పేజీ తెరిచాడు. ఇప్పుడు ఈ లైను మీద ఏయే ఫోన్లున్నాయో పేర్లతో సహా ఒక జాబితా వచ్చింది. అట్లాంటి పేజీ ఒకటి ఉంటుందని నాకు ఏ వీడియోలోనూ కనపడలేదు. కనపడినా నేను చూడలేదేమో.

అతను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"ఆరోగ్యమ్మ... ఎవరు?"

"నేనే నాయనా, ఏంది?"

"షాలేమ్‌రాజు?"

"ఇక్కడున్న" అని చెయ్యెత్తాడు, బళ్లో హాజరు పలికినట్టు.

"ప్రమీల?"

"అవ్ అన్నా."

ఒక్కొక్క పేరూ చదువుతుంటే నా చాపల మీద ఒక్కొక్క చెయ్యి లేచింది. పందొమ్మిది పేర్లు. పిల్లలు వాళ్ల ఫోన్లకు పేర్లు పెట్టి ఇచ్చారు కాబట్టి దాచుకునే వీలు కూడా లేదు. నేను అతని భుజం మీద నుంచి వంగి జాబితా కింద దాకా చూశాను. రూప్‌సింగ్ లేదు. సక్రి లేదు. వాళ్ల టీవీ లేదు. "నాకు ఆఫీసోళ్ల సిమ్ము ఉందన్నా, టీవీకి డిష్షుంది. నీ దాంతోని నాకేం పని?" అన్నాడు, తల తిప్పకుండా.

"మీకు పాస్‌వర్డ్ ఎవరు చెప్పారు?" అని నేను అరిచాను. 

ఆరోగ్యమ్మ నా వైపు జాలిగా చూసింది. "చెప్పేదేంది అయ్యా? నువ్వు ఏది మొదలువెట్టినా ఆ కీర్తనే గద. వేసి చూసినం, మొదటిసారికే తెర్సుకుంది. అయ్యగారు మన కోసమే పెట్టిండనుకున్నం."

దొంగ వాక్యం చదవడని రాశాను నీకు. చదివేవాళ్లే నా ముందు కూర్చున్నారు మహిమా. ఇంకా విను. పైకి పోయే వేగాన్ని ఎక్కువగా తింటున్న ఫోను ఏదని రూప్‌సింగ్ చూశాడు. ఆరోగ్యమ్మది. కుర్చీ మీద నిలబెట్టిన ఆ ఫోను నా వైపే చూస్తోంది. మధిరలో ఆమె చెల్లెలు నడుం విరిగి మంచం పట్టిందట. ఆమెకు వీడియోలో నా ప్రసంగం చూపిస్తోందట, మొదటి పాట నుంచి చివరి ఆమెన్ దాకా. షాలేమ్‌రాజు ఇంకో మూల నుంచి అదే ప్రసంగాన్ని నేరుగా ఊరందరికీ చూపిస్తున్నాడు. అంటే ఆ రెండు బుధవారాలూ ఏడు గంటలకు నీ దారిని మూసింది నా గొంతే. దొంగతనం మీద నేను అంత బలంగా చెబుతున్న ఆ గంటలోనే, దొంగిలించింది నా ప్రసంగమే. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నవాడి కథ విని, ఆ మనిషిని చంపాల్సిందే అని మండిపడిన రాజుకు, ఆ మనిషివి నువ్వే అని ప్రవక్త వేలు చూపిస్తే ఎట్లా ఉండి ఉంటుందో నాకు ఇన్నేళ్లూ తెలియదు. కనీసం నలభై సార్లు ఆ భాగం చెప్పి ఉంటాను.

నేను మెల్లగా, "రూప్‌సింగ్, నన్ను క్షమించు" అన్నాను. అతనికి మాత్రమే వినపడేటట్టు.

అతను లేచి నిలబడ్డాడు. అప్పుడు చూశాను అతని కోపం. అప్పటిదాకా దాన్ని చేతుల్లో పెట్టుకుని పని చేశాడు. "చెవుల చెప్తవేందన్నా? అన్నప్పుడు మైకుల అన్నవ్ గద. నా పెండ్లాం ఆరు రోజులాయె నీళ్లకు బోరింగ్ కాడికి పోవుడు బంద్ చేసింది. మైకులనే చెప్పు" అన్నాడు.

ఆంప్లిఫయర్ వేయించి, స్పీకరును మెట్ల వైపు తిప్పాను. ప్రసంగం చేయలేదు. వాక్యం ఎత్తలేదు, ఎత్తితే దాని వెనక దాక్కుంటానని భయం. "మొన్న బుధవారం నేను దొంగ అన్నది రూప్‌సింగునీ సక్రమ్మనీ. అది అబద్ధం. వాళ్లు నా ఇంట్లోంచి ఏదీ తీసుకోలేదు. చూడకుండా అన్నాను. తప్పు నాది" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. కింద నుంచి సక్రి గొంతు ఒకటే వచ్చింది, "వినవడ్డది!" అని. క్షమించానని అనలేదు. అనాలని అడిగే ముఖం నాకూ లేదు.

ఇక సంఘం లేచింది. "అంటే దొంగలం మేమా అయ్యగారూ?" అని షాలేమ్‌రాజు. "మా చెల్లె సంగతేంది?" అని ఆరోగ్యమ్మ. నేను మళ్లీ మండిపోయాను, కానీ ఈసారి ఎవరి మీద మండాలో తెలుసు. "దొంగలు మీరు కాదు. తలుపు తీసి పెట్టిన మూర్ఖుణ్ణి నేను. ఈ ఇల్లు మాత్రం ఇకపై మందిరం కాదు, మహిమ ఇల్లు. రేపటి నుంచి కూటం ఇక్కడ ఉండదు" అన్నాను. ఎక్కడ ఉంటుందో నాకే తెలియదు. పదకొండేళ్లుగా ఇక్కడే కూర్చున్నామని ఏడ్చినవాళ్లున్నారు. చాపలు మోసుకుంటూనే నన్ను తిట్టినవాళ్లున్నారు. చివరికి షాలేమ్‌రాజు తన ఇంటి పక్క రేకుల షెడ్డు చూపించాడు. ఆరోగ్యమ్మ తన సిమ్ములో డేటా వేయించుకుంటానంది, "నీ లైను నీకే ఉండనీ, మా చెల్లెకు నీ మాట ఉంటె సాలు" అని గొణుక్కుంటూ.

నిన్న బుధవారం. వైఫై పూర్తిగా ఆపేశాను, పాస్‌వర్డ్ నాకే గుర్తుండని అక్షరాలతో మార్చాను. ఏడు గంటలకు షెడ్డులో కూటం నడుస్తుంటే నేను పోలేదు, నీ ల్యాప్‌టాప్‌కు కాపలాగా మన మెట్ల మీద కూర్చున్నాను. నా బదులు షాలేమ్‌రాజు వాక్యం చెప్పాడు. బాగా చెప్పాడట! ఇరవై నిమిషాల్లో ముగించాడట! ముగ్గురు వచ్చి మరీ చెప్పి పోయారు. పదకొండేళ్లలో ఒక్కరు కూడా నాతో ఆ మాట అనలేదు, చూశావా ఈ జనాన్ని? ఆ గంటంతా నేను నోరు తెరవలేదు. మొదటి పావుగంట ప్రార్థన చేద్దామనుకున్నాను. అది కూడా లోపల ప్రసంగంగానే మారిపోతుంటే ఆపేసి ఊరికే కూర్చున్నాను. అప్పుడు వినపడింది, ఫ్రిజ్ చప్పుడు, కింద పద్మావతమ్మ గారి దగ్గు, రోడ్డు మీద కర్ర లారీలు. మన ఇంట్లో ఇన్ని వినపడతాయని నాకు తెలియదు.

వెనక గది ఖాళీ చేశాను. డోలకు షెడ్డుకు పోయింది, ఆంప్లిఫయర్ పోయింది. సేవకులెవరైనా వస్తే వాళ్ల పడక షాలేమ్‌రాజు ఇంట్లోనే. నీ బల్ల అక్కడికి మార్చాను, రెండు వైర్లూ కొత్తగా కొలిచి వేశాను. హాల్లో తెర పీకేశాను. కిటికీ వైపు కూర్చుంటావో గోడ వైపు కూర్చుంటావో నేను నిర్ణయించలేదు, కుర్చీ గది మధ్యలో వదిలేశాను.

పరీక్ష ఫలితం మెయిల్ ఈసారి ఇంకా రాలేదు. నువ్వు నాతో అబద్ధమాడినందుకు కోపం ఇంకా ఉంది, అది రాయకపోతే నేనూ అబద్ధమాడినవాణ్ణవుతాను. కానీ నిజం చెప్పడానికి నీకు చోటు లేని ఇంటిని కట్టింది నేనే. గెలిచినా నువ్వు రావాలని ఈ ఉత్తరంలో అడగను. వస్తే తలుపు వేసుకో. రాకపోతే ఆ గదిలోకి నేను చాప కూడా తేను.

సంసోను


హైదరాబాద్,
ఆదివారం.

ఆయనకు,

పరీక్ష పాసయింది. గంటలో ఒక్కసారి కూడా పడలేదట. సక్రితో మాట్లాడాను. ఆమెకు ఇంకా మీ మీద కోపమే, ఉండనివ్వండి, తొందరపెట్టి క్షమించమని అడగడానికి మెట్లు దిగి పోకండి.

శనివారం వస్తున్నాను. సామాను మొత్తం కాదు, రెండు నెలలకు సరిపడా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. బస్టాండుకు రండి, దారిలో మాట్లాడుకుందాం, ఇద్దరం.

ఆ గదికి గొళ్లెం ఒక్కటి పెట్టించండి. లోపలి వైపు.

మీ
మహిమ